సిద్ధబీజానికి తిండి ఎక్కడిది? అరకు కొండ నేలల్లో ట్రైకోడెర్మా సిఫారసుపై పునరాలోచన

మే నెలలో తొలి జల్లులు పడగానే అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాల కొండవాలుల్లో అల్లం, పసుపు నాటే పనులు ఆరంభమవుతాయి. దుంపకుళ్ళు తెగులుకు భయపడే గిరిజన రైతుకు విస్తరణ సిబ్బంది అందించే ఉత్పాదకాల్లో ట్రైకోడెర్మా పొట్లం ఒకటి. ఆ పొట్లంతో పాటు ఒక సూచన కూడా రైతుకు చేరవలసి ఉంటుంది. రెండు కిలోల ట్రైకోడెర్మాను 90 కిలోల బాగా చివికిన పశువుల ఎరువుతోను, 10 కిలోల వేపపిండితోను కలిపి, తగినంత నీరు చల్లి, నీడలో గోనెసంచులు కప్పి వారం పది రోజులు ఉంచి, శిలీంధ్రం బాగా అల్లుకున్న తరువాత ఎకరం పొలంలో వేయాలన్నది ఆ సూచన. ఆచరణలో పొట్లం కొండ ఎక్కుతున్నది, సూచన మాత్రం సగం దారిలోనే మిగిలిపోతున్నది. పొట్లం బరువు రెండు కిలోలు, సూచన బరువు క్వింటాలు. కాలిబాటన మోసుకుపోవలసిన చోట ఈ రెండింటిలో ఏది వెనకబడుతుందో ఊహించడం కష్టం కాదు. పొడిని గుప్పెడు మట్టితోనో, కొన్ని చోట్ల పొయ్యి బూడిదతోనో కలిపి పొలమంతా వెదజల్లి, పని అయిపోయిందనుకోవడం పరిపాటి అయింది.

ఆ తరువాత దుంప కుళ్ళితే 'ట్రైకోడెర్మా పనిచేయదు' అని రైతు తీర్పు చెబుతాడు. ఎకరానికి 600 నుండి 800 కిలోల విత్తన దుంప నాటి, సాగు ఖర్చులో పెద్ద భాగాన్ని ఆ దుంపకే పెట్టిన మనిషి అలా అనడంలో తప్పు లేదు. తప్పు మరొక చోట ఉన్నది. పశువుల ఎరువును కేవలం పొడిని పొలమంతటా సమంగా చల్లడానికి ఉపయోగపడే వాహకంగా భావించే అలవాటు విస్తరణ కార్యకర్తల్లోనే కాక పరిశోధకుల్లో కూడా ఉన్నది. శిలీంధ్ర శాస్త్రం గత ఏడు దశాబ్దాల్లో తేల్చిన విషయాలను చూస్తే, ఆ క్వింటాలు ఎరువే అసలు చికిత్స అని, దాన్ని వదిలిన సిఫారసు సగం సిఫారసు కూడా కాదని అంగీకరించవలసి వస్తుంది.

ఆకలి నేల

1953లో సి.జి. డాబ్స్, డబ్ల్యు.హెచ్. హిన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 'నేచర్' పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. శిలీంధ్ర సిద్ధబీజాలను మడిచిన సెల్లోఫేన్ పొరల మధ్య పెట్టి తేమగల నేలలో పాతితే, తడి, వెచ్చదనం, గాలి అన్నీ సరిపోయినా అవి మొలకెత్తలేదు. అదే నేలకు గ్లూకోజు కలిపితే మొలకెత్తాయి. ఈ స్వభావం ఏదో ఒక నేలకు పరిమితం కాదని, చాలా నేలల్లో కనబడుతున్నదని వారు చూపారు. దీనికి ఫంగిస్టాసిస్ అనే పేరు స్థిరపడింది. తెలుగులో శిలీంధ్ర స్తంభన అనవచ్చు. సిద్ధబీజం చనిపోదు, కేవలం ఆగిపోతుంది.

ఎందుకు ఆగుతుందన్న ప్రశ్నకు రెండు రకాల సమాధానాలు వచ్చాయి. నేలలో నిరోధక పదార్థాలేవో ఉన్నాయని ఒక వర్గం వాదించింది. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన జె.ఎల్. లాక్‌వుడ్, ఆయన సహచరులు మరొక మార్గం పట్టారు. నేలలో లేనిది విషం కాదు, తిండి అని వారి వాదన. నేలలోని బాక్టీరియా తదితర సూక్ష్మజీవులు కరిగే చక్కెరలను, అమైనో ఆమ్లాలను పుట్టినవి పుట్టినట్లే తినివేస్తాయి. కనుక సిద్ధబీజానికి బయటి నుండి ఏమీ అందదు. అంతే కాదు, సిద్ధబీజంలో దాచుకున్న పోషకాలు సైతం కొద్దికొద్దిగా బయటికి స్రవిస్తే, వాటిని కూడా పొరుగు సూక్ష్మజీవులు లాగివేస్తాయి. 1967లో కో, లాక్‌వుడ్ ప్రచురించిన ప్రయోగాల్లో ఇది స్పష్టంగా కనబడుతుంది. నేల అనేదే లేకుండా, సిద్ధబీజాల మీదుగా పోషకాలు లేని ద్రవాన్ని నెమ్మదిగా పారిస్తూ ఉంటే, నేలలో ఆగినట్లే అవి ఆగిపోయాయి. స్వంత నిల్వతో మొలకెత్తగల జాతులు కూడా ఆ ప్రవాహంలో నిలవలేకపోయాయి.

అంతా ఆకలే అనడం అతిశయోక్తి అవుతుంది. క్షార నేలల్లో వెలువడే అమ్మోనియా వంటి ఆవిరి పదార్థాలు కొన్ని జాతులను ఆపగలవని కూడా రుజువులున్నాయి. 1972లో వాట్సన్, ఫోర్డ్ ఈ విషయాన్ని పునర్విమర్శ చేస్తూ, ప్రేరకాలకు నిరోధకాలకు మధ్య తూకంగా దీన్ని చూడాలని సూచించారు. అయితే ఆమ్ల స్వభావం గల ఎర్ర నేలలు ఎక్కువగా ఉన్న తూర్పు కనుమల్లో అమ్మోనియా ఆవిరి ప్రభావం పెద్దది కాబోదు. ఇక్కడ లెక్కలోకి తీసుకోవలసింది ప్రధానంగా తిండినే.

తిండి అవసరం అన్ని సిద్ధబీజాలకు ఒకే తీరుగా ఉండదు. పెద్ద సిద్ధబీజం తన మూటను తానే మోసుకువస్తుంది. చిన్నది చేతులూపుకుంటూ వస్తుంది. ట్రైకోడెర్మా సిద్ధబీజం వ్యాసం సుమారు మూడు నాలుగు మైక్రాన్లు. కాఫీ నారుమడుల్లో వాడే వ్యామ్ శిలీంధ్రాల సిద్ధబీజాల్లో 100 మైక్రాన్లు, అంతకు మించినవి సాధారణం. వ్యాసాన్ని బట్టి ఘనపరిమాణం లెక్కిస్తే రెండింటికీ తేడా ఇరవై వేల రెట్లకు పైమాటే. వ్యామ్ సిద్ధబీజం తనలోని కొవ్వు నిల్వతో మొలకెత్తగలదు, కాని సజీవమైన వేరు దొరకకపోతే పెరుగుదల ఆగిపోతుంది. ట్రైకోడెర్మాకు సజీవమైన వేరు తప్పనిసరి కాదు, కాని బయటి కర్బనం లేనిదే అంకుర నాళిక బయటికి రాదు. అటవీ నేలల ట్రైకోడెర్మాపై 1973లో డేనియల్‌సన్, డేవీ ప్రచురించిన పరిశోధన ఈ రెండో విషయాన్ని చూపింది. పోషకాలు బయటి నుండి అందితేనే సిద్ధబీజాలు మొలకెత్తాయి, ఆమ్లత్వం ఆ మొలకను ప్రోత్సహించింది. ఈ రెండు శిలీంధ్రాలను జీవన ఎరువులు అనే ఒకే శీర్షిక కింద, ఒకే వాక్యంలో సిఫారసు చేసే కరపత్రాలు విద్యార్థులను కూడా తికమక పెడుతున్నాయి. ఒకదాన్ని వేరుకు ఆనించి పెట్టాలి, మరొకదానికి అన్నం పెట్టి పంపాలి.

అరకు నేలల ఆమ్లత్వం ట్రైకోడెర్మాకు అనుకూలమే. పొయ్యి బూడిదతో కలిపి చల్లినప్పుడు ఆ అనుకూలత కూడా పోతుందన్నది వేరే సంగతి.

నేల పరీక్ష పత్రం చెప్పని సంగతి

కొండ నేలల విషయంలో ఒక అభ్యంతరం తరచు వినిపిస్తుంది. మైదానాలతో పోలిస్తే ఎత్తైన గిరిజన మండలంలో సేంద్రియ కర్బనం ఎక్కువ. అడవి ఆకు రాలుతుంది, కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ నీడ ఉన్నది, చల్లదనం వల్ల చివకడం నెమ్మదిగా సాగుతుంది. నేల పరీక్ష పత్రంలో 0.75 శాతానికి మించి కర్బనం ఉంటే 'అధికం' అని ముద్ర పడుతుంది. అటువంటి నేలలో శిలీంధ్రానికి తిండి లేదనడం ఎలా?

ఒక శాతం సేంద్రియ కర్బనం గల ఎకరం నేలను తీసుకుంటే, 15 సెంటీమీటర్ల లోతు వరకు నేల బరువు సుమారు 9 లక్షల కిలోలు. అందులో కర్బనం 9 వేల కిలోలు. ఇంత సంపద మధ్య సిద్ధబీజం పస్తుండడానికి కారణం ఉన్నది. ఆ కర్బనంలో అత్యధిక భాగం హ్యూమస్ రూపంలో బంకమట్టి రేణువులకు అతుక్కుని ఉంటుంది. మొలకెత్తని సిద్ధబీజం దాన్ని జీర్ణించుకోలేదు, ఎందుకంటే జీర్ణించే ఎంజైములు మొలకెత్తిన తరువాత శిలీంధ్రజాలం స్రవించేవి. నెమ్మదిగా కరిగి బయటపడే కొద్దిపాటి భాగాన్ని అప్పటికే మేల్కొని ఉన్న బాక్టీరియా ఎగరేసుకుపోతుంది. తాళం వేసిన గాదె పక్కన ఆకలితో ఉన్నవాడి పరిస్థితి ఇది. సేంద్రియ కర్బనం ఎక్కువగా ఉన్న నేలలో సూక్ష్మజీవుల సందడి కూడా ఎక్కువే కాబట్టి పోటీ మరింత తీవ్రం కావచ్చు. పరీక్ష పత్రంలోని 'అధికం' అనే మాటను చూసి ఎరువు లేకుండా పొడి చల్లవచ్చని సలహా ఇవ్వడం, ఈ కారణంగా, పొరపాటు.

సంఖ్యల వైపు నుండి చూసినా ఫలితం ఇంతే. మన దేశంలో ట్రైకోడెర్మా ఉత్పత్తుల నమోదుకు నిర్దేశించిన కనీస ప్రమాణం గ్రాముకు 20 లక్షల సజీవ కణాలు. రెండు కిలోల్లో 400 కోట్లు అన్నమాట. పెద్ద సంఖ్యే. కాని ఎకరం నేల 90 కోట్ల గ్రాములు. సమంగా కలిసిందనుకుంటే గ్రాము నేలకు నాలుగు లేదా అయిదు సిద్ధబీజాలు పడతాయి. అదే గ్రాము నేలలో స్థానిక శిలీంధ్రాల సంఖ్య వేల నుండి లక్ష వరకు ఉండడం మామూలు. ఆ నలుగురైదుగురు కూడా తిండి లేక నిద్రలోనే ఉంటారు. క్వింటాలు ఎరువులో పది రోజులు పెరిగి, ఎరువు గ్రాముకు మళ్ళీ 20 లక్షల స్థాయికి చేరితే, మొత్తం సంఖ్య 20 వేల కోట్లు అవుతుంది. అంటే యాభై రెట్లు. దాన్ని పొలమంతా కాక దుంప నాటే గుంటల్లోనే వేస్తే వేరు దగ్గర సాంద్రత ఇంకా ఎన్నో రెట్లు పెరుగుతుంది. మరొక ముఖ్య విషయం: అప్పుడు నేలకు చేరేవి పస్తున్న సిద్ధబీజాలు మాత్రమే కావు. అప్పటికే మొలకెత్తి, ఎరువు తునకలను పట్టుకుని, తిండితో సహా వస్తున్న శిలీంధ్రజాలం.

ఈ లెక్కను ప్రకృతి వ్యవసాయంలో వాడే జీవామృతానికి కూడా వర్తింపజేసి చూడవచ్చు. ఎకరానికి 200 లీటర్ల జీవామృతంలో బెల్లం రెండు కిలోలు, పప్పుల పిండి రెండు కిలోలు. బెల్లం కర్బనాన్ని, పిండి నత్రజనిని ఇస్తాయి. సిద్ధబీజాల అంకురణకు ప్రయోగశాలలో వాడే మాధ్యమాల సూత్రమే ఇది. కాని రెండు కిలోల బెల్లాన్ని 9 లక్షల కిలోల నేలకు పంచితే కిలో నేలకు సుమారు రెండు మిల్లీగ్రాములు వస్తుంది. ఆ బెల్లం పొలంలో చేయగల పని అత్యల్పం, డ్రమ్ములో చేసే పనే అసలు పని. జీవామృతం గురించి అతిగా చెప్పేవారు, అసలే కొట్టిపారేసేవారు ఇద్దరూ ఈ తేడాను గమనించినట్లు కనబడదు.

తిండి శత్రువుకూ తిండే

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి నేలకు తిండి పెడితే చాలునని ఎవరైనా అనుకుంటే ప్రమాదం. ట్రైకోడెర్మాను ఆపే స్తంభనే రోగకారక శిలీంధ్రాలను కూడా ఆపి ఉంచుతుంది. ఆ విషయంలో అది రైతుకు మిత్రుడు.

తూర్పు కనుమల ప్రధాన పంటల్లో ఒకటైన రాజ్మా చిక్కుడు దీనికి మంచి ఉదాహరణ. చిక్కుడు వేరుకుళ్ళును కలిగించే ఫ్యుజేరియం సొలాని శిలీంధ్రం మందపాటి గోడలు గల క్లామిడోస్పోరుల రూపంలో ఏళ్ళ తరబడి నేలలో నిద్రిస్తుంది. 1961లో ష్రాత్, స్నైడర్, తరువాత 1965లో కుక్, ష్రాత్ చేసిన పరిశోధనలు దాన్ని లేపేది ఏమిటో వివరించాయి. మొలకెత్తుతున్న చిక్కుడు గింజ, వేరు కొనలు విడిచే చక్కెరలు, అమైనో ఆమ్లాలు చేరిన చోట క్లామిడోస్పోరులు మొలకెత్తాయి. కర్బనం ఒక్కటే సరిపోలేదు, నత్రజని కూడా కావలసి వచ్చింది. పంట తన స్రావాలతో తన శత్రువును తానే నిద్ర లేపుతున్నది. అల్లం, పసుపుల్లో దుంపకుళ్ళుకు కారణమైన పిథియం మరింత చురుకైనది. పిథియం జాతుల సిద్ధబీజాశయాలు స్రావాలు తగిలిన కొన్ని గంటల్లోనే మొలకెత్తగలవు. ట్రైకోడెర్మా సిద్ధబీజానికి అనుకూలమైన స్థితిలో కూడా సుమారు సగం రోజు పడుతుంది. ఒకే సమయంలో, ఒకే చోట, ఒకే చక్కెర ఇద్దరికీ దొరికితే ఈ పందెంలో ఎవరు గెలుస్తారో వేరే చెప్పనక్కరలేదు.

కనుకనే 'ముందే పెంచి వేయాలి' అన్న నియమానికి ప్రాణమున్నది. పది రోజుల గడువు అంటే ట్రైకోడెర్మాకు పందెంలో ఇచ్చే ముందస్తు అవకాశం. 'బాగా చివికిన' అనే విశేషణం కూడా అలంకారం కాదు. పచ్చి పెంటలో, పచ్చి ఆకులో తేలికగా కరిగే చక్కెరలు ఉంటాయి. నాటే రోజున వాటిని నేలలో కలిపితే పిథియంకు విందు చేసినట్లే. చివికిన ఎరువులో మిగిలేది ఎక్కువగా సెల్యులోజ్ వంటి గట్టి పదార్థం. దాన్ని విరగ్గొట్టగల ఎంజైములు ట్రైకోడెర్మాకు పుష్కలం. పిథియం అటువంటి తిండి మీద పోటీపడలేదు. అందుచేత తిండి ఎంత అన్నదానికంటే ఏ తిండి, ఎప్పుడు అన్న ప్రశ్నలు ముఖ్యం.

అల్లం మళ్ళపై పచ్చి ఆకు కప్పే పద్ధతికి ఈ అభ్యంతరం వర్తించదు. పైన కప్పిన ఆకు నేలను కోత నుండి కాపాడుతుంది, తేమను నిలుపుతుంది, కింది దుంపను నేరుగా తాకదు. నేలలో కలియదున్నే పచ్చిరొట్ట వేరు. దాన్ని నాటడానికి రెండు మూడు వారాల ముందే కలపాలి. ఆ విరామంలో మరొక మేలు కూడా జరగవచ్చు. పంట లేని నేలలో తిండి దొరికి మేల్కొన్న రోగకారక సిద్ధబీజం, ఆశ్రయం దొరకక, చుట్టూ ఉన్న సూక్ష్మజీవులకు ఆహారమై నశిస్తుంది. కెనడాలో చిన్, లెడింగ్‌హామ్ 1950ల దశకంలో గోధుమ వేరుకుళ్ళు శిలీంధ్రంపై పనిచేసి, సోయా పిండి వంటి పదార్థాలు కలిపిన నేలలో సిద్ధబీజాలు మొలకెత్తి తరువాత నశించడాన్ని గమనించారు. అరకు కొండల్లో వరుసగా అల్లం వేసి తెగులు పాలైన మళ్ళకు ఈ మార్గం ఎంతవరకు పనికివస్తుందో స్నాతకోత్తర విద్యార్థులు పరీక్షించదగిన అంశం.

విత్తనశుద్ధిని కూడా ఈ కోణం నుండే అర్థం చేసుకోవాలి. కిలో రాజ్మా విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా పట్టించినప్పుడు వేరే ఎరువు అక్కరలేకపోవడానికి కారణం, గింజ విడిచే స్రావం మొట్టమొదట గింజను అంటిపెట్టుకున్న సిద్ధబీజానికే అందడం. పొడిని తిండి ఉన్న చోట పెడుతున్నాము కనుక కొద్దిపాటి పొడి చాలుతుంది. పశువుల ఎరువు దొరకని రైతుకు నేలలో చల్లమని రెండు కిలోలు ఇవ్వడం కంటే విత్తనానికి పట్టించమని పావుకిలో ఇవ్వడం మేలు. అల్లం, పసుపు దుంపలకు కూడా ఇది చాలావరకు వర్తిస్తుంది, ఒక షరతుతో. దుంపను మాంకోజెబ్ ద్రావణంలో ముంచిన రోజే ట్రైకోడెర్మాను కూడా పట్టిస్తే రెండో ఖర్చు వృథా. రెండు సూచనలూ ఒకే కరపత్రంలో, మధ్యన ఎడం చెప్పకుండా, పక్కపక్కనే కనబడడం ఇప్పటికీ జరుగుతున్నది.

కొండ మీది క్వింటాలు

సిఫారసు సరైనదే అయినా కొండ మీద అది ఎందుకు అమలు కావడం లేదన్నది మిగిలిన ప్రశ్న. పాక్షికంగా దాని పుట్టుకే కారణం. 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి అనే కొలత మైదానపు రైతును మనసులో పెట్టుకుని రాసినది. బండి పొలం దాకా పోతుంది, పెంటకుప్ప ఇంటి వెనుకే ఉంటుంది, వేపపిండి సంచి పక్క ఊరి దుకాణంలో దొరుకుతుంది. అరకు లోయ ఎత్తు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్లు. వేప మైదానపు చెట్టు, దాని పిండి ఘాట్ రోడ్డు ఎక్కి రావాలి. పశువులు పగలంతా కొండల్లో మేసే చోట పెంట కూడా కొండ మీదనే రాలిపోతుంది. పోడు పొలాల సంగతి మరొక తీరు. అక్కడ ఆకు, కంప కాలి బూడిద అవుతాయి, ఖనిజ పోషకాలు మిగిలినా శిలీంధ్రానికి కావలసిన కర్బనం గాలిలో కలిసిపోతుంది.

అయితే కొండకు తనదైన కర్బనం ఉన్నది. పాడేరు ఏజెన్సీలో విస్తరించిన అరబికా తోటల నుండి నవంబరు మొదలు జనవరి దాకా కాఫీ పండ్లు దిగుతాయి. తడి పద్ధతిలో పప్పు తీసినప్పుడు పండు బరువులో సుమారు 40 శాతం గుజ్జు, తొక్కగా మిగులుతుంది. అది పల్పింగ్ కేంద్రాల వద్ద, ఇళ్ళలో చేతి పల్పర్ల చుట్టూ కుప్పపడి, పులిసి, వాగుల్లోకి కారి నీటిని పాడుచేస్తుంది. పచ్చిగా వాడితే చక్కెరల మూలంగా అదీ పిథియంకు విందే. కాని కాలం ఇక్కడ రైతు పక్షాన ఉన్నది. డిసెంబరులో కుప్ప వేసిన గుజ్జు, పొడి ఆకు, కొద్దిగా పెంట కలిసి ఏప్రిల్ నాటికి చివుకుతుంది. ఏప్రిల్ చివర్లో ట్రైకోడెర్మా కలిపితే మే నెలలో అల్లం నాటే వేళకు సిద్ధమవుతుంది. ఇది గాలిలో మేడ కాదు. కొడగులో నారింజ తోటల ఫైటాఫ్తోరా వేరుకుళ్ళుపై, కాఫీ వ్యర్థాల మీద పెంచిన ట్రైకోడెర్మాను 1990ల మధ్యకాలంలోనే పరీక్షించారు. అరకు కాఫీ తోటల్లోనే సిల్వర్ ఓక్‌కు అల్లుకున్న మిరియాల తీగలను పాదు దగ్గర కుళ్ళబెట్టేది కూడా ఫైటాఫ్తోరాయే. తోట వ్యర్థంతో తోట తెగులుకు అడ్డుకట్ట వేసే అవకాశాన్ని ఇంతకాలం పక్కన పెట్టడం విచారకరం.

వేపపిండి స్థానాన్ని భర్తీ చేయగల నత్రజని వనరు విషయంలో వలిసె గుర్తుకు వస్తుంది. నవంబరులో లోయ పసుపు పచ్చగా మారితే చూడడానికి పర్యాటకులు వస్తారు. గింజ మాత్రం నూనె మిల్లులకో, విదేశాల్లో పక్షుల మేతగానో తరలిపోతుంది, పిండి కొండకు తిరిగి రాదు. చిన్న గానుగలు ఏజెన్సీలోనే నెలకొంటే నూనె ఇంటికి, పిండి ఎరువుకు దక్కుతాయి. వలిసె పిండి వేపపిండికి సమానమని ఎవరూ అనలేరు, వేపలోని చేదు పదార్థాలు దానిలో లేవు. ట్రైకోడెర్మాకు నత్రజని ఆహారంగా అది చాలునా అన్నది తేల్చడానికి ఒక్క వర్షాకాలం ప్రయోగం సరిపోతుంది.

పది రోజుల గడువును కూడా కొండకు తగినట్లు సవరించాలి. ట్రైకోడెర్మాకు 25 నుండి 30 డిగ్రీల వేడి అనుకూలం. మే నెల అల్లానికి ఇబ్బంది లేదు. వానాకాలం చివర్లో విత్తే రాజ్మాకు, ముసురు పట్టిన చల్లని రోజుల్లో, అదే పది రోజుల్లో అదే పెరుగుదల ఆశించకూడదు. రోజులు లెక్కపెట్టమనడం కంటే, ఎరువు ముద్దలపై తెల్లని శిలీంధ్రజాలం అల్లుకుని, ఆకుపచ్చ పూత కనబడేవరకు ఆగమనడం రైతుకు సుళువు, శాస్త్రానికీ దగ్గర.

పరిశోధన వైపు ఒక లోపాన్ని ప్రస్తావించక తప్పదు. ట్రైకోడెర్మాపై వెలువడే క్షేత్ర ప్రయోగ ఫలితాల్లో చాలావాటిలో 'ఎరువుతో కలిపిన ట్రైకోడెర్మా'ను 'ఏమీ వేయని మడి'తో పోల్చుతారు. ఎరువు ఒక్కటే వేసిన మడి ఉండదు, ట్రైకోడెర్మా ఒక్కటే వేసిన మడి అంతకంటే అరుదు. అటువంటి ప్రయోగంలో తెగులు తగ్గితే ఆ ఘనత శిలీంధ్రానిదా, తిండిదా, తిండి లేపిన స్థానిక సూక్ష్మజీవులదా అని ఎవరూ చెప్పలేరు. ఈ నాలుగు మళ్ళూ లేని ప్రయోగాన్ని పరిశోధన ప్రణాళిక దశలోనే తిప్పిపంపడం మంచిది. ఫలితాల పట్టికలో పొట్లంలోని సజీవ కణాల సంఖ్యతో పాటు వాడిన ఎరువు ఎన్నాళ్ళు చివికినదో, దాని కర్బన నత్రజని నిష్పత్తి ఎంతో, నేల ఉదజని సూచిక ఎంతో రాయకపోతే ఆ పట్టిక మరొక ప్రాంతానికి పనికిరాదు.

విద్యార్థులకు ఇందులో ఖర్చులేని పని చాలా ఉన్నది. డాబ్స్, హిన్సన్ వాడిన సెల్లోఫేన్ పద్ధతికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. కాఫీ నీడ కింది నేల, కొత్తగా కాల్చిన పోడు నేల, మూడేళ్ళుగా అల్లం వేసిన నేల, మెట్ట చోడి పొలం నేల తెచ్చి, తేమ సమం చేసి, సిద్ధబీజాలు పూసిన పొరను ఒక రోజు పాతి, తీసి, కాటన్ బ్లూ రంగు వేసి సూక్ష్మదర్శినిలో నూటికి ఎన్ని మొలకెత్తాయో లెక్కపెట్టడమే. అవే నేలల్లో గ్లూకోజు కలిపి ఒకటి, చివికిన కాఫీ గుజ్జు కలిపి ఒకటి, వలిసె పిండి కలిపి ఒకటి. తూర్పు కనుమల నేలల స్తంభన పటం ఒకటి ఇలా తయారైతే, ఏ గ్రామంలో విత్తనశుద్ధితో సరిపెట్టుకోవాలో, ఏ గ్రామంలో క్వింటాలు ఎరువు తప్పదో చెప్పడానికి ఆధారం దొరుకుతుంది. చింతపల్లిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం పరిధిలోనే ఈ నాలుగు రకాల నేలలూ లభిస్తాయి. సరిహద్దుకు ఆవల కోరాపుట్ జిల్లా పొట్టంగి కూడా ఇదే కొండల వరుసలోనిది. రోమా వంటి పసుపు రకాలు వెలువడిన ఆ కేంద్రంతో కలిసి పనిచేస్తే పటం రాష్ట్ర సరిహద్దు వద్ద ఆగిపోదు.

అంతవరకు విస్తరణ సిబ్బంది చేయగలిగినది కొంత ఉన్నది. పొట్లాలను మే నెలలో పొలం గట్టు మీద కాక ఏప్రిల్ చివర్లో, గ్రామంలో ఎరువు కుప్ప తయారైన చోట పంచాలి. ఇంటికొక కుప్ప వేయలేని గ్రామంలో స్వయం సహాయక సంఘం ఆధ్వర్యంలో ఒకే పెద్ద కుప్ప వేసి, పొట్లాలన్నీ అందులోనే కలిపి, సిద్ధమైన ఎరువును గంపల లెక్కన పంచవచ్చు. పొట్లం మీద సూచన తెలుగులో ఉంటే అందరికీ చేరదు. అరకు సంతల్లో జాతుల మధ్య వాడుక భాష ఆదివాసీ ఒడియా, కోందుల ఇళ్ళలో కువి. ఆ భాషల్లో మాట్లాడే గ్రామ స్థాయి సిబ్బందికి 'బూజు పెంచి వేయాలి' అన్న ఒక్క ముక్క ముందుగా అర్థం కావాలి. కుప్ప తయారు కాని గ్రామానికి ఆ ఏడాది నేలలో చల్లే పొట్లాలు పంపకపోవడమే మంచిది. లక్ష్యాల పట్టికలో ఒక గడి ఖాళీగా మిగులుతుంది, అంతే.